అన్న తలెత్తని పాట

మిల్లులో అందరూ ఆయన్ని పాటలాయన అంటారు. ఇంట్లో భార్య మాత్రం కాలుగాలిన పిల్లి అంటుంది. కుదురుగా కూర్చుని ఒక్క పాటైనా కట్టిన పాపాన పోలేదు మరి. నూలు మిల్లులో యంత్రాల వరసల మధ్య అటూ ఇటూ నడుస్తూ, తెగిన దారాలు వెతికి ముడెయ్యడం ఆయన పని. పాట కూడా ఆ నడకలోనే పుడుతుంది.

ఆ హోరులో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకే అక్కడ అందరికీ పెదవులు చదవడం వచ్చు. ఈయన పొద్దున నోరు కదిపితే చాలు, భోజనాల వేళకి పాట మిల్లంతా పాకిపోతుంది. అయితే మాటలే చేరతాయి. రాగం కావాలంటే పని దిగాక గేటు బయట నిలబడి వినాల్సిందే.

పదకొండేళ్ళ కిందట సమ్మె జరిగింది. అయిదో రోజు ఆయన సొంత అన్న తల వంచుకుని గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. తమ్ముడికి ఒళ్ళు మండి, అన్న కనుమరుగయ్యాక అక్కడే పాట అందుకున్నాడు.

"తెగిన దారం ముడేసే చెయ్యి
తోడబుట్టినోళ్ళని తెంపుకుపోయె."

సమ్మె గెలిచింది. అందరూ లోపలికొచ్చారు, వాళ్ళ పెదవుల మీద పాటా వచ్చింది. ఆనాటి నుంచి అన్న యంత్రం మీంచి తలెత్తలేదు. తలెత్తితే చదవాల్సి వస్తుందని. పని దిగాక కూడా అందరూ వెళ్ళేదాకా లోపలే ఆగి, ఆఖర్న బయటపడేవాడు.

అసలు సంగతి తర్వాతెప్పుడో వదిన చెప్పింది. అప్పట్లో ఆవిడ కాన్పు కష్టమై మిల్లు ఆస్పత్రిలో ఉంది. మొగుడు పనిలోకి రాకపోతే మంచం ఖాళీ చెయ్యమన్నారట.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడు కదయ్యా," అంది వదిన. "అడక్కుండా పాట కట్టేశావు."

ఆ మాట ఆయన్ని ఈనాటికీ నిలవనియ్యదు. పాటకి కొత్త చరణం కట్టాడు. ఎవరూ దాన్ని తలకెక్కించుకోలేదు, పాతదే పాడమన్నారు. అన్న ఇంటికెళితే తలుపు మొహానే వేశాడు.

ఇవాళ అన్నకి మిల్లులో ఆఖరి రోజు. రెండు గంటలకి గంట కొడితే ఎదుటి వరసలో ఇక ఆయన ఉండడు. తమ్ముడు పొద్దుట్నుంచీ నాలుగుసార్లు మంచినీళ్ళకని వెళ్ళి తాగకుండానే తిరిగొచ్చాడు. మేస్త్రీ ఎదురుపడి పెదవులు కదిపాడు: "ఒకచోట నిలబడవయ్యా. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఇంకో పది నిమిషాలుందనగా తన వరస వదిలేసి అన్న వరసలోకి నడిచాడు. అన్న చూడలేదు. సరిగ్గా అప్పుడే ఒక దారం తెగింది. అన్న వంగి ముడెయ్యబోయాడు. ముడి జారింది. రెండోసారీ జారింది. పక్క నుంచి తమ్ముడు చెయ్యి పెట్టి ముడేశాడు. ఎవరా అని అన్న తలెత్తాడు.

తమ్ముడు ఆ క్షణాన్ని వదల్లేదు.

"తెంపింది అన్న గాదు, అడగక పాడిన నా నోరు
ముడి నేనేస్తా, చెయ్యందించు అన్నా."

అన్న చూపు ఆయన పెదవుల మీదే చివరి మాట దాకా నిలిచింది. ఆ తర్వాత మొహంలో ఏ మార్పూ లేదు. నెమ్మదిగా నోరు కదిపాడు.

"వినపడలేదు."

ముప్పై ఏళ్ళలో ఆ మిల్లులో ఎవరూ అనని మాట అది. తమ్ముడు వెనక్కి తిరగబోయాడు. అప్పుడు చూశాడు, అన్న మీసం కింద నవ్వు. చిన్నప్పుడు తనని ఏడిపించేటప్పుడు నవ్వే నవ్వే అది. అన్న మళ్ళీ పెదవులు కదిపాడు.

"గంట కొట్టాక గేటు దగ్గర ఉండు. ఆ పాట రాగం నేనెప్పుడూ వినలేదురా."