నర్సక్క ముందు చూసేది

నర్సక్క పోయిందని నంద్యాల బస్సు దిగిన మా తమ్ముడు చెబితే, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. మొన్న ఆదివారమే ఆళ్లగడ్డ వచ్చి, మా ఇంట్లో సంకటి తిని, ఊరిమిండి పచ్చడిలో కారం ఎక్కువేశానని నన్ను దులిపి పోయిన మనిషి. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఇప్పటికీ నా బుర్రకెక్కడం లేదు.

పన్నెండేళ్ల కిందట, డెబ్బైలలో, ఆమె మా వీధిలోనే కాపురముండేది. అప్పుడు మా పాపకు మూడేళ్లు. జలుబు ముదిరి ఒక మధ్యాహ్నం ఎగశ్వాస మొదలైంది. ఏడ్చి ఏడ్చి చివరికి గమ్మునైపోయి నా భుజం మీద వాలింది. "నెమ్మదించిందిలే, పండుకోబెట్టు" అంది మా అత్త. నేనూ హమ్మయ్య అనుకున్నాను. చుట్టూ జనం, తలా ఒక సలహా. అప్పుడొచ్చింది నర్సక్క.

"గమ్మునుండండప్పా. నన్ను చూడనీండి."

పాపను నా ఒళ్లోనే నిటారుగా కూర్చోబెట్టించి, గౌను పైకెత్తి చూసింది. గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి.

"ఏమన్నా మింగినాదా?"

"లేదక్కా."

"నీ పేరేందీ తల్లీ?"

పాప నోరు తెరిచింది. మాట రాలేదు.

మా అత్త తెచ్చిన నీళ్ల గ్లాసును నర్సక్క పక్కకు తోసేసింది. "నెమ్మదించడమేందీ? ఏడ్చేదానికి కూడా సత్తువ లేక గమ్మునుండాది. పండుకోబెట్టొద్దు. బిరబిరా లెయ్" అంది. పాపను భుజానికెత్తుకుని లేచాను.

విగ్రహాలు చెక్కే రాళ్లు దింపి పోతున్న లారీని ఆపి మమ్మల్ని ఎక్కించి, తనూ ఎక్కింది. నంద్యాల దాకా పాప డొక్కల మీంచి కన్ను తీయలేదు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టిన కాసేపటికి పాప కెవ్వుమంది. నేను కంగారుపడితే నర్సక్క నవ్వింది.

"ఏడవనీమ్మే. ఏడుస్తాందంటే గాలి ఆడతాంది."

ఆ తర్వాత ఆమె నంద్యాలకు మారింది గానీ రాకపోకలు ఆగలేదు. ఏ పసిబిడ్డను చేతికిచ్చినా ముందు చొక్కా ఎత్తి చూసేది. "పెళ్లికి పిలిచినా పిల్లోళ్ల డొక్కలే చూస్తావేంది అక్కా" అని ఎగతాళి చేసేదాన్ని. ఆ అలవాటే నా బిడ్డను నాకు మిగిల్చింది.

నిన్న నంద్యాలలో ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. అందరం గోడుగోడున ఏడుస్తున్నాం. పదో తరగతి చదివే మా పాప మాత్రం ఏడవలేదు. జనాన్ని తోసుకుంటూ పోయి ఆమె పక్కన కూర్చుంది.

"గమ్మునుండండప్పా" అంది. "నన్ను చూడనీండి."

దాన్ని లేపడం ఎవరి వల్లా కాలేదు. పూలదండ కింద చీర కదులుతుందేమోనని అట్లాగే చూస్తూ కూర్చుంది.