‘ఇంకొకరిని అడుగు’ అనే మా మేడం

మా రేడియో స్టేషన్ల నాకు పని నేర్పిన మేడం చనిపోయింది. ఆ కబురు నాకు స్టేషన్ వాట్సాప్ గ్రూపుల తెలిసింది. పైన పెద్దాఫీసు పంపిన ఎండాకాలం కార్యక్రమాల పట్టిక, దాని కింద ‘మన సీనియర్ మేడం ఇక లేరు’ అని ఒక్క లైను, ఆ కింద వరుసగ దండం బొమ్మలు. మెసేజ్ పెట్టినాయనకు ఫోన్ చేసిన. “నాకు గూడ ఎవరో పంపిన్రు, నేను గ్రూపుల పెట్టిన” అన్నడు. ఎవరు పంపిన్రంటే యాదికి లేదన్నడు. మనిషి పోయిందన్న మాట గూడ అడిగి తెలుసుకోకుండ పెడ్తరా అని గట్టిగనే అరిచిన. తర్వాత మేడం ఆడబిడ్డకు చేసిన. ఆమె ఏడ్చుకుంటనే చెప్పింది. పొద్దున పూజ చేసుకొని లేస్తుంటే మేడం గుండె ఆగిందట.

ఇద్దరిని అడగంది వార్త చదవొద్దని నాకు నేర్పింది ఆమెనే. ఆ పొద్దు మాత్రం రెండో ఫోన్ చేయకుంటే బాగుండు అనిపించింది.

మాది సంగారెడ్డిల రెండు గదుల స్టేషన్. ప్రభుత్వానిదే గని ప్రభుత్వానికి యాదికుండదు. మేడం అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు స్థానిక వార్తలు చదివేది. పర్మినెంటు కాదు, నా తీరుగనే డ్యూటీ పడ్డనాడే పని. వాళ్ళది మార్కెట్ల ధాన్యం దుకాణం. పిల్లలు పెద్దగైనంక, నలభై దాటినంక మైకు ముందట కూర్చున్నది. నేను భానూర్ నుంచి బస్సుల ఊగుకుంట వచ్చేటిదాన్ని. మా ఇంట్ల అందరిది ఎవుసం, లేకుంటే కంపెనీ పని. రేడియోల మాట్లాడుడు పనెట్లయితదో మా నాయనకు ఇప్పటికీ సమజ్ కాలే.

ఎండాకాలం వచ్చిందంటే మా ఇద్దరికీ పరేషానే. స్టూడియో ఏసీ ఫిబ్రవరిల పనిచేస్తది, ఏప్రిల్ల చెడిపోతది. ఫ్యాను వేస్తే చప్పుడు మైకుల పడ్తది. అందుకే ఫ్యాను బంద్ చేసి, చెమట కాగితం మీద కారకుండ మెడకు తువ్వాల చుట్టుకొని చదివేది మేడం. ఇగ పెద్దాఫీసు నుంచి వచ్చే ప్రత్యేక కార్యక్రమాలు చూస్తే ఒళ్ళు మండేది. పుచ్చకాయ షర్బత్ చేసుడు. కొండ ప్రాంతాల విహారం. సెలవులల్ల పిల్లలకు కాగితం పూలు. “జిన్నారం దిక్కు బోర్ల పచ్చటి నీళ్ళొస్తున్నయ్ సార్. షర్బత్ ఏ నీళ్ళతోని కలుపుకోవాల్నో గది గూడ చెప్పమంటరా?” అని మా ఆఫీసరుని అడిగింది ఒకసారి. ఆయన నవ్విండు. ఆమె నవ్వలే. నాలుగు దరఖాస్తులు పెట్టి, ఆఖరికి వార్తల చివర ఐదు నిమిషాలు సంపాదించింది. ట్యాంకర్ ఎప్పుడొస్తది, కరెంటు ఎప్పుడు పోతది, ఎండ ఎంతున్నది, ఆ ఐదు నిమిషాలల్ల గివే.

ఆ ఐదు నిమిషాల కోసం ఆమె నా ప్రాణం తీసేది. ఏ కాగితం తెచ్చినా కండ్లద్దాల మీదికెళ్ళి చూసి, “ఇంకొకరిని అడుగు” అనేది. కరెంటు ఆఫీసాయన చెప్పిండంటే, “ఆయన చెప్పిండు. ఆ ఊరోళ్ళు ఏమంటున్నరు?” అనేది. ఊరోళ్ళని అడిగొస్తే, “ఇంట్ల ఉన్నోళ్ళనా, బజార్ల ఉన్నోళ్ళనా?” పట్నం వాతావరణ ఆఫీసు లెక్క ప్రకారం ఎండ ఎంతో వస్తే, అది చదివి ఊకోదు. సుల్తాన్‌పూర్ల ఒక కంపెనీ గేటుకాడ కాపలా ఉండే బిహారీ అతనికి ఫోన్ చేసేది. “భయ్యా, ధూప్ కైసా హై?” అంటే ఆయన “చప్పల్ చిపక్ రహా హై మేడమ్‌జీ” అనేటోడు. అది గూడ చదివింది. సుల్తాన్‌పూర్ తొవ్వల తారుకు చెప్పులు అంటుకుంటున్నయట, చెప్పుల్లేకుండ పిల్లల్ని బయటికి పంపకుండ్రి అని. ఇదేం వార్త అని ఆఫీసరు తిట్టిండు. “రేపు మీరు ఆ తొవ్వల నడిచి చెప్పుండ్రి సార్, మీదే చదువుత” అన్నది.

నేను ఓపిక లేనిదాన్ని. నా ఓపికలేనితనం వల్ల ఏమైందో చెప్పాలె.

ఒక మే నెలల, పన్నెండున్నరకు ట్యాంకర్లు తిప్పే ఒకాయన ఫోన్ చేసిండు. జిన్నారం పక్క ఊరికి ఇయ్యాల ఒంటిగంటన్నరకు మూడు ట్యాంకర్లు పంపుతున్న అన్నడు. ఆ ఊర్ల ఐదు రోజులాయె నీళ్ళు రాక. నేను ఉరికొచ్చి చెప్పిన. మేడం, “సర్పంచికి చేయి” అన్నది. చేసిన, ఎత్తలే. “ఇంకెవరికన్న చేయి.” చేసిన, కలవలే. “అయితే రేపు చదువుదాం” అన్నది.

“రేపటిదాక నీళ్ళు ఆగుతయా మేడం? ఇంతగనం అడుగుడు ఎందుకు మీకు?” అన్న.

ఆమె గడియారం చూసి మైకు ముందట కూర్చున్నది. వార్తలు చదివింది, చివరి ఐదు నిమిషాల కాగితం నన్ను చదవమని చేతికిచ్చి, ఇంకో నంబరు దొరుకుతదేమో చూస్తనని బయటికి పోయింది. మైకు నా ముందట ఉన్నది. కాగితంల లేని ట్యాంకర్ల కబురు గూడ నేను చదివేసిన. ఒంటిగంటన్నరకు మూడు ట్యాంకర్లు, బిందెలు తీసుకొని రోడ్డు మీదికి రండ్రి అని.

ట్యాంకర్లు రాలే. ఆ మూడు ఇంకో దిక్కు పోయినయట. ఊరి ఆడోళ్ళు నాలుగింటిదాక ఎండల నిలబడ్డరు. ఒక ముసలామె కండ్లు తిరిగి రోడ్డు మీదనే పడ్డది. ఆస్పత్రికి తీస్కపోయి గ్లూకోజ్ ఎక్కించిన్రని సాయంత్రం సర్పంచి ఫోన్ చేసి చెప్పిండు. చెప్పుడు గాదు, నోటికొచ్చినట్టు తిట్టిండు. ఫోన్ మేడం చేతుల ఉన్నది. ఆమె మొత్తం విని, “తప్పు మాదే. ఆ పెద్దమ్మ పేరు చెప్పుండ్రి” అన్నది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ.

తెల్లారి ఒంటిగంట వార్తలు మొదలు పెట్టకముందే మైకుల చెప్పింది. “నిన్న మేం తప్పు వార్త చెప్పినం. మా మాట నమ్మి మీరు ఎండల నిలబడ్డరు. మాఫ్ చేయుండ్రి.” ఎవరు చదివిన్రో చెప్పలే. ఆఫీసరు అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపుతున్నడు, ఆపు ఆపు అని. ఆమె చూడనే లేదు. సాయంత్రానికి మెమో వచ్చింది. నెల రోజులు ఆమెకు డ్యూటీ లేదు. ఆ నెల మొత్తం ఆమె వార్తలు నేనే చదవాల్సొచ్చింది. అంతకన్న శిక్ష ఉంటదా!

నాకు కోపం ఆగలే. దుకాణం కాడికి పోయి అడిగిన. “నేను చేసిందానికి మీరెందుకు పడాలె? నా పేరు చెప్పొచ్చుగద!”

“నీ డ్యూటీ పోతే నువ్వు రేపు కంపెనీల కూలికి పోతవ్. నాది పోతే ఈడ దుకాణంల కూర్చుంట” అన్నది. మళ్ళా వెంటనే, “నడువు, జిన్నారం దిక్కు ఆ ఊరికి పోదాం. రేడియోల మాఫీ అడిగితే సరిపోదు” అన్నది.

షేర్ ఆటోల పోయినం. ముసలామె మంచంల కూర్చొని ఉన్నది. మేం ఎవరమో చెప్పంగనే మొదలుపెట్టింది. “ఏందమ్మ, మీకు మనుషులు ఆటలెక్కనా? గంటలకొద్ది బిందె పట్టుకొని నిలబడ్డ!” మేడం చేతులు కట్టుకొని విన్నది. నేను ఏడ్చిన, చదివింది నేనే అని చెప్పిన. ముసలామె నా దిక్కు తిరిగింది. “నువ్వా? ఇంత చిన్న పిల్లవా? కూసో, చాయ్ తాగు” అన్నది. లేచొస్తుంటే మేడం ఆమె కోడలు నంబరు రాసుకున్నది. అప్పటినుంచి ఆ ఊరి నీళ్ళ కబురు ఆ ముసలామె చెప్పంది చదవలే.

బస్సుల వచ్చేటప్పుడు మేడం నన్ను తిట్టలే. పటాన్‌చెరు దాటినంక మాత్రం, “ఎదుటోడు ఎండల ఉన్నప్పుడు మనం జల్దీ చేయొద్దు” అన్నది. అంతే. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎందుకంటే ప్రతిరోజు అది నా పనిని గంట లేటు చేస్తది.

ఆమె పోయిన తెల్లారి, వార్తలల్ల ఒక్క నిమిషం ఆమె గురించి చెప్తనని అడిగిన. పెద్దాఫీసు పర్మిషన్ కావాలన్నరు. దరఖాస్తు పెట్టిన. పర్మినెంటు ఉద్యోగి కాదు గద, చూస్తం అన్నరు. ఇంతకాలం ఆమె గొంతు వాడుకున్నప్పుడు పర్మినెంటు కాదని యాదికి రాలే. నేను రాసిన కాగితం ఇంక ఏ టేబుల్ మీద ఉన్నదో తెల్వదు. అందుకే రేడియోల చెప్పాల్సింది ఈడ రాస్తున్న.

పదకొండో రోజు అయినంక సాయంత్రం వాళ్ళ దుకాణం కాడికి పోయిన. వాళ్ళాయన, సేటు, తక్కెడ పక్కన కూర్చొని ఉన్నడు. నేను కుర్చీల కూర్చోంగనే చెయ్యెత్తి ఆగమన్నడు. బల్ల మీద రేడియోల మధ్యాహ్నం వార్తలు మళ్ళా వస్తున్నయ్. నా గొంతే. రికార్డు. నాకు సిగ్గనిపించింది. ఆయన తల వంచుకొని చివరిదాక విన్నడు.

“జెర ఉరుకుతున్నవ్ బిడ్డా” అన్నడు. “ఆమె ఉంటే తిట్టేది.”

అవునన్న. రేడియోల షర్బత్ కార్యక్రమం మొదలైంది. ఆయన బంద్ చేయలే, సౌండు తగ్గియ్యలే, దాని దిక్కే చూసుకుంట కూర్చున్నడు. జొన్నల కోసం వచ్చిన ఒకామె సంచి నోరు తెరిచి పట్టుకొని గట్లనే నిలబడ్డది, అడగకుండ.