పక్క తోట ఆయన మొహం

పులివెందుల దగ్గర మాకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉండేది. పక్క తోట ఆయన మా గట్టును ఆనుకునే, మా బోరు కంటే లోతుగా బోరు వేయించాడు. వద్దని మా నాయన ఆయన చేతులు పట్టుకుని అడిగితే, "నా భూమి, నా ఇష్టం మామా" అన్నాడు. ఆ ఎండాకాలమే మా బోరు ఆగిపోయింది. కాపు మీదున్న చెట్లు నిలువునా ఎండిపోతే మా నాయనే గొడ్డలి పట్టి నరికాడు. తర్వాత ప్రొద్దుటూరు చేరాం. మా నాయన నూనె మిల్లులో పనికి కుదిరాడు, నేను బట్టల కొట్లో.

సినిమాల పిచ్చి నాకు అక్కడే పట్టింది. మామూలు సినిమాలు కాదు. హీరో కాలు మోపితే వందమంది గాల్లోకి లేవాలి, పిడికిలి బిగిస్తే కొండ పగలాలి. అదంతా ఒట్టిదేనని కొట్లో తోటివాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం నమ్మబుద్ధయ్యేది. విలన్ ఎవరైనా సరే, ఆ మొహం తీసేసి పక్క తోట ఆయన మొహం పెట్టుకునేదాన్ని. అప్పుడు పడే ప్రతి దెబ్బా నాకు తీపి.

ఒక ఆదివారం మా నాయననూ తీసుకుపోయాను. మొదటి ఫైటుకే ముందుకు వంగి కూర్చున్నాడు. "ఎయ్యి! ఇంగోటి ఎయ్యి!" అని పళ్లు కొరుకుతున్నాడు. మా ముందు వరసలో ఎవరో ఒకటే ఈలలు. ఇంటర్వెల్‌కు లైట్లు వెలిగాక చూస్తే, పక్క తోట ఆయనే. బంగారం కొనడానికి ప్రొద్దుటూరు వచ్చాడట.

"ఏం మామా, నువ్వూ వచ్చినావా? హీరో ఎట్లుండాడు? కోపమొస్తే నా మాదిరే లేడా?" అని నవ్వాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను తన్నిస్తున్న మనిషి, హీరో తనే అనుకుని ఈలలు వేస్తున్నాడు!

మా నాయన లేచి నిలబడ్డాడు.

"నీ మాదిరి కాదప్పా. ఆయప్ప ఇంగొకరి నీళ్లు గుంజుకోలా. నీ బోరు ఎండిపోవల్ల. నీ చెట్లు నీ చేత్తోనే నరుక్కోవల్ల. అది నేను చూడల్ల."

చుట్టూ తలలు తిరిగాయి. పక్క తోట ఆయన నవ్వు ఆగిపోయింది. సినిమా మళ్లీ మొదలయ్యాక ఆ వరసలోంచి ఒక్క ఈల కూడా రాలేదు.

చివర్లో హీరో ఒక్క వేటుకు విలన్ని నరికేశాడు. హాలంతా చప్పట్లు. మా నాయన చేతులు కదల్లేదు. ఇంటికి నడుస్తూ అన్నాడు:

"అంత సులువుగా సంపేసినాడేంది పాపా? ఒక్క ఎండాకాలమన్నా నీళ్లు లేకుండా బతకనియ్యాల్సింది."

పక్క తోట ఆయన బోరు ఇప్పటికీ నీళ్లు పోస్తూనే ఉందట. అట్లాంటి సినిమా ఏది వచ్చినా నేనూ మా నాయనా మొదటి రోజే పోతాం.