ఖాజా భాయ్ హోటల్ల దేవుని వేషం

మొన్న అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల ఉండే పిలగాడొకడు అడిగిండు. "అంకుల్, మీ దిక్కు చూసేటివి, తినేటివి మంచివి ఏమున్నయి?"

"మస్తున్నయి బిడ్డా," అన్న. "గని రెండిటిని ఒక్కతాన కలుపకు. నేను కలిపి, ఊరంత ముంగట పరువు వోగొట్టుకున్న."

ఆ ముచ్చట మీరు గూడ ఇనుండ్రి. నవ్వుండ్రి గని, జెర మెల్లగ నవ్వుండ్రి. మా అమ్మ ఇంటది.

తొంభైలల్ల సంగతి. మా ఊరు లక్డారం అవుతల. పటాన్‌చెరుల మందుగోలీల కంపెనీల నా పని. మీసం కొత్తగ వచ్చింది, అకల్ ఇంక రాలే. సంగారెడ్డి పాత బస్టాండ్ కాడ మిరపకాయ బజ్జీలంటె పానం. కొండాపూర్ మ్యూజియంల పాత మట్టిబొమ్మల ముంగట గంటలకొద్ది నిలవడేటోన్ని. ఇగ అన్నిటికంటె మీద, పటాన్‌చెరు అంగడి ఎనుక ఖాజా భాయ్ హోటల్. పొద్దుగాల మేక కాళ్ల పాయ, ఏడేడి రొట్టె. ఆ ఆవిరి మొఖానికి తగిల్తె నైట్ డ్యూటీ అలుపు ఎటువోయేదో ఎరుకలేదు.

ఆ ఏడు మా ఊర్ల చిరుతలాట వెట్టిండ్రు. చేతుల కట్టె చిరుతలు వట్టుకొని, కాళ్లకు గజ్జెలు గట్టి, గుండ్రంగ తిరుగుకుంట దేవుని కథ దినాలకొద్ది ఆడుడన్నట్టు. ఆడేటోళ్లంత మా ఊరి రైతులు, కంపెనీ పనోళ్లే. నేర్పేటాయన నర్సయ్య గురువు. పొడుగున్న, గొంతున్నదని దేవుని వేషం నాకిచ్చిండు. ఇచ్చి, ఒక్క మాట జెప్పిండు.

"ఒరేయ్, గజ్జె గట్టిన కాడికెల్లి పట్టాభిషేకం అయ్యేదాంక నీసు ముట్టొద్దు. ఈ వేషం నీది గాదు, ఊరోళ్లది. వాళ్లు మొక్కుతరు."

"గట్లనే గురువుగారూ," అన్న. అనుడుకేమున్నది!

మా అమ్మ సంగతి గూడ జెప్పాలె. నాయిన పోయినంక ఆమె ఎవ్వరి పెండ్లికి వోయినా ఎనుకనే నిలవడేది. కొడుకు దేవుని వేషం గడుతుండని తెల్వంగనే ముందు వరుసకొచ్చి గూసున్నది. పట్టాభిషేకానికి కొండాపూర్ చుట్టాలను పిలిచింది. సంగారెడ్డికెల్లి ఫోటోలాయనను మాట్లాడింది. "నువ్వు సింహాసనం మీద గూసున్నంక ఒక్క ఫోటో బిడ్డా, గంతే సాలు నాకు," అని దినాం అదే పాట.

రేపు పట్టాభిషేకం అనంగ, డ్యూటీ దిగి పొద్దుగాల అంగడి ఎనుకకెల్లి వస్తున్న. కాళ్లు వాటంతటవే మలిగినయి.

"ఏంది మియా, ఇన్ని దినాలు గాయబ్? తబియత్ గిట్ల ఖరాబయిందా?" అన్నడు ఖాజా భాయ్.

"తబియత్ బాగనే ఉన్నది భాయ్. దేవున్నయిన."

"అచ్ఛా! మరి దేవునికి ఏం దెమ్మంటవ్?"

"పాయ," అన్న. ఇంకొక్క పూటనే గద, ఎవడు జూస్తడు అనుకున్న. గోడ దిక్కు మొఖం వెట్టి గూసొని బొక్కల మూలుగ జుర్రుతున్న.

"సామీ!"

ఎనుకకు మలిగి జూస్తె మా ఊరి బాలమ్మవ్వ. అంగడిల కూరగాయలు అమ్ముతది, చాయ్ తాగనీకొచ్చింది. ఆటల నేను అడవికి వోతుంటె కొంగుతోని కండ్లు దుడుసుకునే మనిషి. గిన్నె దిక్కు జూడనే లేదు, సక్కగ వచ్చి నా కాళ్ల మీద వడ్డది.

"అయ్యో అవ్వా, లే లే, ఏందిది!"

"నా బిడ్డ సంగారెడ్డి సర్కార్ దవాఖానల ఉన్నది సామీ. తొలుసూరు కాన్పు. లోపల పిల్ల అడ్డం దిరిగిందంటుండ్రు. నా నెత్తి మీద చెయ్యి వెట్టు."

కుడిచెయ్యి నిండ పాయ, ఏళ్ల సందున బొక్క. హోటల్లున్నోళ్లంత నన్నే జూస్తుండ్రు. నేనేం జేసిన్నో ఎరుకనా? ఎడమచెయ్యి వెట్టిన! వెట్టి, ఆటల గొంతు దీసి "తథాస్తు" అన్న గూడ!

అవ్వ లేచింది. అప్పుడు జూసింది గిన్నెను. మోచేతితోని గిన్నెను అవుతలికి నూకిన. ఆమె మాత్రం జాలిగ, "అడవిల దుంపలు దిని దిని ఎంత ఆకలి మీద ఉన్నవో! తిను సామీ, తిను," అని బస్సు కోసం ఉరికింది. ఇగ మింగుడు వడ్తదా?

తెల్లారి పగటిపూట పట్టాభిషేకం. ఊరంత పందిరి కిందనే. అమ్మ కొత్త చీరల ముంగట గూసున్నది. ఫోటోలాయన కెమెరా సదురుకుంటుండు. కిరీటం వెట్టుకొని నేను సింహాసనం దిక్కు నడుస్తున్న. అంతల బాలమ్మవ్వ బెల్లం బుట్టతోని ఉరికొచ్చింది.

"మనుమరాలు వుట్టింది! తల్లి పిల్ల సల్లగున్నరు! అంత సామి దీవెన!"

జనం సప్పట్లు గొట్టిండ్రు. నా ఛాతి ఉబ్బింది.

"ఎప్పుడు దీవించిండవ్వా?" అన్నడు గురువు నవ్వుకుంట.

"నిన్న పొద్దుగాల, ఖాజా భాయ్ హోటల్ల. ఎడమచెయ్యే వెట్టిండు గని, పాపం, కుడిచేతిల బొక్క ఉండె గద!"

హార్మోనియం ఆగింది. గురువు నన్ను తెర ఎనుకకు గుంజుకపోయిండు.

"పాయ తినుడు నీ కడుపు సంగతిరా, నేను గూడ మనిషినే. గని ఆ అవ్వ తన బిడ్డ పానం దెచ్చి నీ కాళ్ల కాడ వెడితె, ఎడమచెయ్యి వెడ్తవా? లేచి చెయ్యి కడుక్కునే ఓపిక లేకపాయెనా?"

ఏడుపొచ్చింది. నిజంగనే వచ్చింది. ఎంగిలి చేతిల బొక్క వట్టుకున్నోని లోపల గూడ ఆమెకు దేవుడు కనవడ్డడు. నేనేమో ఇన్ని దినాలు అద్దంల కిరీటం జూసుకొని, నన్ను జూసే మొక్కుతుండ్రనుకున్న. ఆ మాట ఇప్పుడు తలుసుకున్నా సిగ్గయితది.

గురువు బయటికొచ్చి అన్నడు. "అన్న లేనన్ని ఏండ్లు తమ్ముడు పావుకోళ్లతోనే రాజ్యం నడిపిండు. మనం ఒక్క పూట నడుపలేమా?"

సింహాసనం మీద కట్టె పావుకోళ్లు వెట్టిండ్రు. వాటికి దండేసిండ్రు, కండువాలు గప్పిండ్రు. నా కిరీటం దీసి, చేతికి వింజామర ఇచ్చిండ్రు.

"విసురు," అన్నడు గురువు. విసిరిన.

ఫోటోలాయన అమ్మ దిక్కు జూసిండు. "తియ్యాల్నా వద్దా అమ్మా?"

"తియ్యి," అన్నది అమ్మ. "చుట్టాలను పిలిచిన గద."

ఆ ఫోటో ఇప్పటికి మా ఇంట్ల గోడకున్నది. వచ్చినోళ్లు అడుగుతరు, "దేవుని వేషం మీ వాడే గట్టిండట, ఏడి?" అని.

"అగో, గవే," అని అమ్మ పావుకోళ్లను జూపెడ్తది.

"మరి పక్కకు విసురుతున్న పిలగాడెవరు?"

"వాడా? ఖాజా భాయ్ హోటల్కెల్లి వచ్చిండు."

అందుకే ఆనాడు వెట్టిన ఒట్టే మీ అందరి సాక్షిగ మల్ల వెడుతున్న. దేవుని వేషం గట్టినన్ని దినాలు నీసు ముట్ట, ఎడమచెయ్యి ఎవ్వరి నెత్తి మీద వెట్ట. ఈ ఒట్టు ఇంతవరకు ఒక్కసారి గూడ తప్పలే. తప్పుదామన్నా, మల్ల నాకు ఆ వేషం ఎవ్వరిచ్చిండ్రు!