పిజన్ ఫోర్జ్ బఫేలో వియ్యంకుడి అలక

2009 అక్టోబరులో నన్ను టెన్నెసీ రాష్ట్రంలోని పిజన్ ఫోర్జ్‌కి ఫ్లోర్ మేనేజరుగా వేశారు. స్మోకీ కొండల కింద ఉన్న టూరిస్టు ఊరది. ఆకులు ఎర్రబడే ఆ నెలలో పార్కింగ్ దొరకడం ఎంత కష్టమంటే, చోటు కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన ఒకాయన చివరికి అక్కడే ఇల్లు కొనుక్కుని దాని ముందు కారు ఆపుకున్నాడని చెప్పుకునేవారు. చెప్పింది నేనే. రెండో వారానికల్లా ఊళ్లోవాళ్లు నాకే ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు.

మాది అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లె వంటల బఫే. ఫ్రైడ్ చికెన్, బిస్కెట్లని పిలిచే మెత్తటి బన్నులు, మొక్కజొన్న రొట్టె, చెంచా గుచ్చితే మర్నాటి దాకా నిటారుగా నిలబడే మాకరోనీ చీజ్. ఇవన్నీ ఆవిరి మీద వేడిగా ఉండే పెద్ద స్టీలు ట్రేలలో వరసగా ఉంటాయి. ఆ వరసను హాట్ లైన్ అంటాం. దాని వెనకదంతా కిచెన్ మేనేజరు రాజ్యం, ముందుదంతా నాది. ఇద్దరి మీదా జనరల్ మేనేజరు వేడ్. నా కింద సర్వర్లు. సర్వరంటే వడ్డించే మనిషి అనుకోకండి. బఫేలో సర్వర్ పని గ్లాసుల్లో తియ్యటి ఐస్ టీ నింపడం, ఖాళీ పళ్ళాలు తీసెయ్యడం. తిండి జోలికి పోకూడదు. తినేవాళ్లే లేచి, ప్రతిసారీ శుభ్రమైన కొత్త పళ్ళెం తీసుకుని, కావలసింది పెట్టుకోవాలి.

ఒక శనివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతుండగా ఒక పెద్దమనిషి నా కోటు మీది పేరు బిళ్ళ చదివి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీరు తెలుగువారేగా? నన్ను బతికించండి మహాప్రభో!"

ఆయన చలపతిరావు, పక్క రాష్ట్రం జార్జియాలోని కమ్మింగ్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నది ఆయన కాబోయే వియ్యాలవారు. మర్నాడే కమ్మింగ్‌లో తాంబూలాలు. ఈలోపు కొండలు చూపిద్దామని తీసుకొచ్చి, భోజనానికి మా దగ్గర ఆపాడు. పెళ్లికొడుకు తండ్రి రామయ్యగారు భీమవరం మనిషి. రెండు చేతులూ కట్టుకుని కొండలవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కోపానికి ఏ కొండైనా ఒక అడుగు వెనక్కి జరిగి ఉంటే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

జరిగింది ఇది. సర్వర్ టీ పోసి, పళ్ళాలు అక్కడున్నాయి, వెళ్లి తెచ్చుకోండి అని చెప్పి వెళ్లిపోయింది. రామయ్యగారు కదల్లేదు. పెళ్లికూతురు శ్రావ్య పుట్టి పెరిగింది అమెరికాలోనే. సాయం చేద్దామనుకుని, "అంకుల్, ఇక్కడ ఎవరూ పెట్టరు. మీరే గో చేసి తెచ్చుకోవాలి, ఓకే?" అంది.

"నాకు ఆకలి లేదమ్మా," అన్నాడాయన.

మగపెళ్లివారు ఆకలి లేదన్నారంటే దాని బరువు ఎంతో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆయన తినందే భార్య ముట్టదు. పాపం ఆవిడ చూపు మాత్రం పీచ్ పండ్ల తీపి ట్రే మీదే ఉంది. పెళ్లికొడుకు అప్పటికే కొండంత పళ్ళెంతో తిరిగొచ్చి, తండ్రి మొహం చూసి దాన్ని మెల్లగా మెనూ వెనక దాచాడు. దాగేంత పళ్ళెం కాదది.

"నేనే ఓ పళ్ళెం పట్టుకెళ్లి ఇచ్చానండీ," అన్నాడు చలపతిరావు. "అన్నీ ఒకదానిలో ఒకటి కలిపి తెచ్చారేంటండీ, కుడితిలాగా, అన్నారు. పైగా ఇవాళ శనివారం, నీచు ముట్టరు. రేపు తాంబూలాలకి రామంటే నా గతేంటి?"

పళ్ళెం చూశాను. అందులో చిక్కుడుకాయలున్నాయి. మా వంటలో పచ్చగా కనబడే ప్రతిదాని అడుగునా ఒక పంది ముక్క ఉంటుంది, రుచి కోసం. ఆయన అలగబట్టి వ్రతం దక్కింది. ఆ మాట నేను పైకి అనలేదు.

కిచెన్‌లోకి వెళ్లి విచారిస్తే బెండకాయ వేపుడు విడి నూనెలో వేయించిందని తేలింది. మాకరోనీ, చిలగడదుంప, తీపి, వీటికి ఇబ్బంది లేదు. ఇక కావలసింది వడ్డించే మనిషి. వేడ్ దగ్గరకెళ్లి, కిటికీ పక్కన ఒక పెళ్లి ఆగిపోయేలా ఉందని విన్నవించాను. ఒక్క టేబులుకే, అదీ గ్లవ్స్ తొడుక్కుని, అన్నాడాయన.

డార్లీన్‌ని పిలిచాను. అరవై దాటిన సర్వర్, ఆ కొండల్లోనే పుట్టిన మనిషి. ఈయన అబ్బాయి తండ్రి, బతిమాలి పెట్టాలి, మొదట వద్దంటాడు, ఆ వద్దుని లెక్కలోకి తీసుకోకూడదు అని వివరించాను. తన అత్తగారూ అంతేనని, ఇంకేం చెప్పక్కర్లేదని ఆవిడ గరిటె అందుకుంది.

రామయ్యగారి భుజం మీద చెయ్యేసి, నా టేబుల్ దగ్గర ఆకలితో ఎవరూ లేవరు హనీ అంటూ బెండకాయ వేపుడు వడ్డించింది. ఆయన "నో, నో" అన్నాడు. ఆవిడ మరో గరిటె వేసింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి, "మనింట్లో వేపుడులాగే ఉందే!" అన్నాడు భార్యతో. ఆవిడ అప్పటికే తీపి మొదలుపెట్టేసింది. చలపతిరావు పెళ్లిపందిట్లోలాగా వెనకే నిలబడి, "బావగారికి ఇంకొంచెం, ఇంకొంచెం," అంటున్నాడు. పెళ్లికొడుకు పళ్ళెం మెనూ వెనకనుంచి బయటికొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నా ఉద్యోగ జీవితంలో అదొక ఘనకార్యం. కానీ ఏ వద్దు నుంచి లెక్కలోకి తీసుకోవాలో డార్లీన్‌కి నేను చెప్పలేదు. ఆయన పళ్ళేనికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆవిడ పక్క పళ్ళెంలో వేసింది. లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది. ఆయన బెల్టు సడలించడం నేను కళ్లారా చూశాను. ఆ చప్పుడుకి బయట ఒక ఎలుగుబంటి చెట్టెక్కిందన్నది మాత్రం విన్నమాట. మాకరోనీ ట్రే మొత్తంగా తన వైపు వస్తుండటం చూసి, అంతవరకూ "చలపతిరావు గారూ" అంటూ వచ్చిన మనిషి గొంతెత్తి అరిచాడు:

"బావగారూ! మీకు పుణ్యముంటుంది, ఆవిణ్ణి ఆపండి బావగారూ! రేపు తాంబూలాలకి నేను బతికుండాలి!"

చలపతిరావు కళ్లు తుడుచుకుంటూనే డార్లీన్‌కి అడ్డం నిలబడ్డాడు.

నా కష్టం అప్పుడు మొదలైంది. పక్క టేబుళ్ల దగ్గర, చర్చి బస్సులో వచ్చిన పెద్దవాళ్లంతా ఇదంతా చూసి పళ్ళాలు కింద పెట్టేశారు. తమకూ ఆకలి లేదని ప్రకటించారు. డార్లీన్ సాయంత్రం దాకా వాళ్లని బతిమాలుతూనే ఉంది. వేడ్ నన్ను ఆఫీసులోకి పిలిచి, ఒక్క టేబుల్ అంటే నీ లెక్కలో ఎంతని అడిగాడు.

తాంబూలాలు అనుకున్న వేళకే జరిగాయి. సిబ్బందికి పని అప్పగించేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో చెప్పడం సగం పనేనని, ఎక్కడ ఆపాలో కూడా అప్పుడే చెప్పాలని నాకు ఆ శనివారం తెలిసింది. ఆ తర్వాత నా దగ్గర చేరిన ప్రతి సర్వర్‌కీ ముందు ఆపడమే నేర్పాను.