తేదీ చూసే చిన్నకోటయ్య

నకిలీ విత్తనాలకు ఒక మిరప పంట మొత్తం పోగొట్టుకున్నప్పటి నుంచి గురజాల రైతు చిన్నకోటయ్య దేన్నీ నమ్మడు. ఉప్పు ప్యాకెట్టయినా సరే, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి తేదీ చూడాల్సిందే. మొన్న కోడలు కవిత, కొత్త ఉద్యోగంలో తొలిసారిగా, పేరున్న వైనరీతో ఆన్‌లైన్‌లో వైన్ రుచి చూపించే కార్యక్రమం నడిపింది. సీసాలు ముందే అందరి ఇళ్ళకూ చేరాయి. తెర మీద వైనరీ పెద్దాయన ఒక చేత్తో సీసా పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసు తిప్పుతూ, "మీరు తాగేదే నేనూ తాగుతున్నాను" అన్నాడు. చిన్నకోటయ్య కోడలి సీసా ఎత్తి లేబుల్ మీద వైన్ తయారైన సంవత్సరం చూసి, తెర మీదికి వంగాడు.

"ఏందమ్మాయ్, మనకి ఇరవై మూడుది పంపి ఆయన పద్దెనిమిదిది తాగుతున్నాడు? ఆ విత్తనాలోడూ ఇంతే. చూపిచ్చిన చేను ఒకటి, అమ్మిన విత్తనం ఒకటి."

కవిత మైకు ఆపేలోగా ఆ మాట అందరికీ వినపడింది. తెరలో పెద్దాయన బొటనవేలు మెల్లగా జరిగి, లేబుల్ మీది సంవత్సరాన్ని కప్పేసింది.