బావగారు ఏరిన చేప

మా బావగారికి కాయను చూస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయి. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే రోజూ చెప్పుకుంటారు. నూజివీడులో తోటలు కొనడానికి వచ్చే షావుకార్లు కూడా తల ఊపుతారు కాబట్టి, ఆ చూపు మామిడికాయ దగ్గర ఆగిపోవాలని ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆయన మా ఆయనకు అన్న. అందరిదీ ఒకటే ఇల్లు. గేదెను కొనాలన్నా, పుచ్చకాయ కొనాలన్నా, పెళ్ళి సంబంధం చూడాలన్నా ముందు ఆయనే నడుస్తారు.

హాల్లో ఒక మూల చిన్న గాజు తొట్టి పెట్టుకుని, అందులో ఒకే ఒక్క గోల్డ్ ఫిష్‌ను పెంచుకుంటున్నాను. అమ్మినవాడు "ఇవి చన్నీళ్ళ చేపలండీ, హీటరు అక్కర్లేదు" అన్నాడు. మా ఊళ్ళో ఎండాకాలం చన్నీళ్ళు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడ దొరుకుతాయో ఆ మేధావినే అడగాలి. పైగా అరచేతిని మించి పెరిగే చేపను గిన్నెలో పెట్టుకోమని అంటగడతాడు. చిన్న తొట్టిలో చిటికెన వేలంత చేపలు వేసుకోవాలని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. పెద్ద తొట్టి పెడదామంటే హాల్లో షావుకార్ల కుర్చీలకే చోటు సరిపోదు. అందుకని ఇంకో చేపను తేకుండా, నీళ్ళు తరచూ మారుస్తూ నెట్టుకొస్తున్నాను.

దాన్ని ఎంచుకోవడానికి దుకాణంలో చాలాసేపు నిలబడ్డాను. సన్నగా ఉండేది. కానీ రెక్కలు బాగా విప్పి తిరుగుతోంది, పొలుసులు ఒంటికి అంటుకుని ఉన్నాయి, అద్దం మీద వేలు పెడితే దగ్గరికి వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజున బావగారు తొట్టి చుట్టూ తిరిగి చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది? తింటామా?"

"లేదండీ."

"అమ్ముతామా?"

"లేదండీ."

"మరెందుకు?"

కాపు లేనిదానికి మా ఇంట్లో నీళ్ళు పోయరు. నాకు పిల్లలు లేరు. అందువల్ల ఆ ప్రశ్న నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

మొన్న వేసవిలో, కాయ కోతల హడావుడి కాస్త తగ్గగానే, ఆయనకు ఆ చేప మీద జాలి పుట్టింది. ఒంటరిగా ఉందట, జోడీ కావాలట. నేను వద్దంటున్నా వినకుండా, నన్ను కూడా వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరారు. అక్కడ తొట్లన్నీ తోటలో చెట్లను చూసినట్టు చూసుకుంటూ వెళ్ళి ఒక దాని ముందు ఆగారు.

"అదీ కాయంటే! భుజాలు చూశావా, ఎలా నిండినాయో!"

ఆయన చూపించిన చేప నిజంగానే నిండుగా ఉంది. ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోయింది. సీతాఫలం తోలులా పొలుసులు పైకి లేచి విడివిడిగా కనిపిస్తున్నాయి.

"అది బలం కాదు బావగారూ, జబ్బు. నీరు పట్టింది."

"నాకు చెబుతావేంటమ్మాయ్? కాయ నిండిందో లేదో నాకు తెలీదా?"

దుకాణంవాడు నా వైపు చూడకుండా చేపను కవర్లో వేసేశాడు. ఆ తొందర చూస్తేనే తెలుస్తోంది, వదిలితే చాలనుకున్నాడని.

ఇంటికి రాగానే దాన్ని విడిగా బకెట్లో ఉంచాను. కొన్నాళ్ళు అందులోనే ఉండాలని, తొట్టిలో కలపొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నేను స్నానం చేసి వచ్చేసరికి అది తొట్టిలో ఉంది. "బకెట్లో బిక్కుబిక్కుమంటోంది పాపం" అన్నారు బావగారు. ఆయన దయాగుణానికి దణ్ణం పెట్టాలి. రెండు రోజులకు ఆ నిండు కాయ వెల్లకిలా తేలింది. ఆ తర్వాత నా చేప తిరగడం మానేసి, రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చాయి.

సగం నీళ్ళు మార్చాను. కళ్ళుప్పు విడిగా కరిగించి, కొలిచి, కొద్దికొద్దిగా కలిపాను. మేత ఆపాను. గాలి పంపును ఆపకుండా తిప్పాను. నేను వంటింట్లోకి వెళితే బావగారు వచ్చి, పస్తు పెడితే చస్తుందని పెరుగన్నం వేశారు. ఆ మెతుకులన్నీ మళ్ళీ ఏరుకున్నాను. మర్నాడు చేతిలో గంధకం పొట్లంతో వచ్చారు.

"ఇది బూడిద తెగులమ్మాయ్. పూత మీద రాదూ, అదే. చిటికెడు వేస్తే దెబ్బకి పోద్ది."

చెట్లకు కొట్టే మందు చేపకు వేస్తానంటున్న మనిషిని ఏమనాలి? తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. ఆయనకు విసుగొచ్చింది.

"కాయని చెట్టుకి ఇంత చాకిరీ ఏంటమ్మాయ్? కొట్టేసి కొత్తది పెట్టుకోవాలి గానీ."

"మరి నన్నెందుకు కొట్టేయలేదు?" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన తడబడతారనుకున్నాను. అదేమీ లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అనేవాళ్ళు అన్నార్లే. తమ్ముడికి ఇంకో సంబంధం చూద్దామన్నారు. నేనే సాగనివ్వలా."

"ఎందుకండీ?"

"పెళ్ళిచూపుల్లో మొహం నిండుగా ఉంది, ఇదే ఖాయం చేద్దామన్నది నేనే కదా. మారిస్తే నా చూపు తప్పని నలుగురూ అనరూ?"

"మరి ఆయనేమన్నారు?"

"వాడా? నేను వద్దన్నాక వాడేమంటాడు!"

ఇన్నేళ్ళూ మా ఆయన నన్ను వదులుకోలేదనే అనుకున్నాను. వాళ్ళన్న పరువు కోసం నన్ను ఉంచారట. ఆ మాట చెప్పి బావగారు గంధకం పొట్లం జేబులో పెట్టుకుని, భోజనానికి ఏం చేశావని అడిగారు. అన్నదమ్ములిద్దరికీ ఒకే కంచంలో వడ్డించి పెరట్లో పెట్టాలనిపించింది. కానీ మామూలుగానే వడ్డించాను. మా ఆయన తలెత్తకుండా తిన్నారు. ఎప్పుడూ అంతే తింటారు. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను.

తర్వాత నేను ఆ తొట్టి దగ్గరే ఉన్నాను. రోజూ కొంత నీరు మారుస్తూ, దానికి తగినట్టు ఉప్పు కలుపుతూ, చుక్కలు ఎన్ని మిగిలాయో చూసుకుంటూ గడిపాను. చుక్కలు రాలిపోయాయి. ఒక పొద్దున అద్దం మీద వేలు పెడితే పైకి వచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను.

వారం తిరక్కుండా ఇంటికి షావుకార్లు వచ్చారు. బావగారు తొట్టి చూపించి, తెగులు పట్టిందని, మనమే నయం చేశామని మొదలుపెట్టారు. నేను కాఫీలు తెచ్చేసరికి, దీనికి మంచి జోడీని తానే ఏరి తెస్తానంటున్నారు. మా ఆయన పక్కనే కూర్చుని తల ఊపుతున్నారు.

"వద్దండీ" అన్నాను, అందరికీ వినపడేట్టు. "దీన్ని ఏరింది మీరు కాదు, నేను. అందుకే బతికింది."